డాలర్‌ని ఇంగ్లీషులో ఏమంటారు?

మునీంద్ర తెల్లకాగితం తెచ్చి భార్య ముందు పెట్టి చాలాసేపయింది. పైన ఎవరికి రాస్తున్నదీ రాసి, కింద ‘సర్’ అని పెట్టి, భువనేశ్వరి పెన్ను ఆపేసింది.

“రాయి,” అన్నాడు మునీంద్ర.

“రాస్తాండా.”

“యాడ రాస్తాండావు? సర్ దగ్గరే కూసోనుండావు.”

నగరిలో ఆ వీధిలో పగటిపూట మరమగ్గాల చప్పుడు ఆగిందంటే కరెంటు పోయుండాలి, లేదా ఎవరో పోయుండాలి. ఈరోజు రెండూ కాదు. ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడాలని మామ గంగులప్ప తనే లేచి షెడ్డులో మగ్గాలు కట్టేసి వచ్చాడు. ఆ చప్పుడు ఆగాక ఎవరూ నోరు విప్పలేదు, అది వేరే సంగతి. పక్కింటివాళ్లు మాత్రం ఏమయిందోనని గోడ మీంచి తొంగిచూసి పోతున్నారు.

పోయింది మనిషి కాదు, డాలర్. ఆ ఇంటి ఆడపిల్ల చంద్రిక మెడలోది. నిశ్చయతాంబూలాల నాడు పాకాల నుంచి వచ్చిన కాబోయే అత్తగారు తన మెడలోంచి తీసి, నలుగురూ చూస్తుండగా చంద్రిక మెడలో వేసిన డాలర్. ఆమె ఈ సాయంత్రం పెళ్లి జాకెట్ల కొలతలకని వస్తోంది. వచ్చీ రాగానే ఆమె చూపు పడేది పిల్ల మెడ మీదే.

ఇంట్లో ముగ్గురు, అంటే గంగులప్ప, మునీంద్ర, చంద్రిక, దాన్ని ఎవరో దొంగిలించారనే అనుకుంటున్నారు. మిగిలిన ఇద్దరికీ అది ఎక్కడుందో తెలుసు. ఒకరు అత్త కుప్పమ్మ. రెండోది ఈ కాగితం ముందు కూర్చున్న భువనేశ్వరి.

అది కొండ మీద హుండీలో ఉంది.

పోయిన వానాకాలం భువనేశ్వరికి డెంగీ వచ్చి, తిరుపతి ఆసుపత్రిలో డాక్టర్లు కూడా ముఖాలు తిప్పుకున్నప్పుడు, కుప్పమ్మ వరండాలో నిలబడి కొండవైపు చేతులెత్తింది. కోడలు లేచి తిరిగితే నిలువుదోపిడి ఇస్తానని మొక్కింది. అంటే హుండీ ముందు నిలబడేసరికి ఒంటి మీద ఏ నగ ఉంటే ఆ నగ, ఇది అది అని లేకుండా, ఒలిచి స్వామికి వేసేయడమే. కోడలు లేచి తిరిగింది. మొన్న శనివారం కొండకు పోయి మొక్కు చెల్లించారు. తాళికి బదులు పసుపుతాడు కట్టుకుని, కమ్మలూ ముక్కుపుడకా గాజులూ గొలుసూ ఒక్కొక్కటే హుండీలో వదిలింది కుప్పమ్మ.

అంతా అయిందనుకున్నప్పుడు జాకెట్టు లోపలికి చెయ్యి పెట్టి ఇంకో గొలుసు తీసింది. దానికి డాలర్ ఉంది. పరీక్షకని చిత్తూరు పోతూ, బీరువాలో పెట్టమని చంద్రిక ఇచ్చిన డాలర్. పనివాళ్లు వచ్చిపోయే ఇంట్లో బీరువాను నమ్మలేక కుప్పమ్మ దాన్ని తన మెడలోనే వేసుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వెనకే ఉన్న భువనేశ్వరి “అత్తా” అనేలోపు గొలుసు హుండీ గుడ్డసంచిలోకి జారిపోయింది. మగవాళ్లు అప్పటికే తోపులాటలో ముందుకు వెళ్లిపోయారు.

కొండ దిగే బస్సులో కుప్పమ్మ కోడలి మణికట్టు పట్టుకుంది. చూసింది చూసినట్టు మరిచిపొమ్మంది. నోరెత్తితే తన మీద ఒట్టే అంది. ఇంటికొచ్చాక చంద్రిక అడిగితే, “బీరువాలో పెట్టినా కదమ్మా,” అంది. బీరువాలో లేదు.

ఇప్పుడు ఆ లేని డాలర్‌కు పోలీస్ కంప్లయింటు రాయాలి. అదీ ఇంగ్లీషులో. ఎందుకంటే పాకాల పెళ్లికొడుకు బెంగుళూరులో ఉద్యోగం చేస్తాడు. ఇంగ్లీషు కాగితం, దాని మీద సీలు చూపిస్తే తల్లీకొడుకులిద్దరూ నమ్ముతారని మునీంద్ర లెక్క. నోటిమాటగా పోయిందంటే మనమే మింగేసినామంటారు అని అతను పొద్దుటినుంచి అంటూనే ఉన్నాడు. భార్య పుత్తూరు స్కూల్లో ఇంగ్లీషు టీచరు కావడం అతనికి ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది.

“ఏం రాయాలో తెలీకనా?” అడిగాడు.

“డాలర్ దగ్గర ఆగినాను,” అంది భువనేశ్వరి. అది సగమే నిజం.

గంగులప్పకు ఆశ్చర్యమేసింది. “డాలర్ ఇంగ్లీషు మాటే కదమ్మా? అట్నే ఎక్కిచ్చు.”

కాదు మామా, అని ఆమె చెప్పుకొచ్చింది. ఇంగ్లీషువాడికి డాలర్ అంటే డబ్బే, మరొకటి కాదు. అంగట్లో ఇచ్చి వస్తువు తెచ్చుకునేది. మెడలో గొలుసుకు వేలాడేదాన్ని వాడు పెండెంట్ అంటాడు, లేకపోతే లాకెట్ అంటాడు. గొలుసుకు డాలర్ చేయించుకున్నానని ఏ దొరసానితోనన్నా అంటే ఆమెకు తలా తోకా తెలీదు.

“మరి మనోళ్లకు ఆ మాట యాడినుంచి వచ్చింది?”

“ఎవరికి తెలుసు మామా.”

గంగులప్ప తనకు తోచింది చెప్పాడు. వెనకటి కాలంలో రంగూనుకీ పినాంగుకీ కూలికి పోయినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు ఆ దేశపు బిళ్ల ఒకటి తెచ్చుకుని, దానికి కొక్కెం పెట్టించి పెళ్లాం మెడలో వేసుంటారు. బిళ్లలు కరిగిపోయినా పేరు మెడలోనే ఉండిపోయి ఉంటుందన్నాడు. అందుకే లక్ష్మీదేవి బొమ్మ ఉన్నా, వినాయకుడున్నా, ఉత్త రాయి పొదిగినా అన్నీ డాలర్లే అయిపోయాయని ఆయన ఊహ.

“పాకాలోళ్లది అట్లా కాదు నాయనా,” అంది గుమ్మానికి ఆనుకుని నిలబడిన చంద్రిక. పొద్దుటినుంచి ఆ పిల్ల పలికిన మొదటి మాట అదే. “వాళ్లది పేరుకు డాలర్ కాదు. నిజంగా డాలరే.”

అదీ చిక్కు. పెళ్లికొడుకు ముత్తాత పినాంగు రబ్బరుతోటల్లో ఏళ్ల తరబడి కూలి చేసి తెచ్చిన వెండి నాణెం అది. ఒకవైపు తెల్లదొర రాజు తల, రెండోవైపు ఇంగ్లీషులో ఒక డాలర్ అనే మాట. చుట్టూ బంగారు కట్టు వేయించి, ఆ ఇంటికి వచ్చే పెద్ద కోడలి మెడలో తరతరానా వేస్తున్నారు. పెండెంట్ అని రాస్తే, మేమిచ్చింది డాలర్ కదా, ఇంకేదో పోతే మాకేంటంటారు. డాలర్ అని రాస్తే, పరాయిదేశం డబ్బు మీ ఇంటికెట్లా వచ్చిందని స్టేషన్‌లో కూర్చోబెడతారు. మునీంద్ర రెండు వైపులా ఆలోచించి తల పట్టుకున్నాడు.

“ఒక్క మాటకు ఇంత సేపా? ఎమ్మే చదివినావు.”

మాట రాక కాదు. ఆ వాక్యం భువనేశ్వరికి పెన్ను పట్టకముందే తట్టింది. బంగారు కట్టు ఉన్న వెండి నాణెం, ఒక డాలర్ అని రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది. అంతమాత్రం ఆరో తరగతి పిల్లలు కూడా రాస్తారు. రూపాయి అయినా డాలర్ అయినా వాక్యం మధ్యలో వస్తే చిన్నక్షరంతోనే మొదలుపెట్టాలి, అది ఎవరి పేరూ కాదు, ఎవరి జేబులో ఉంటే వాళ్లదే అని పోయిన వారమే ఆమె క్లాసులో చెప్పింది. ఇంగ్లీషులో డాలర్ చేతులు మారడానికే పుట్టింది. పాకాలవాళ్ల డాలర్ మాత్రం మెడ నుంచి మెడకు తప్ప ఎక్కడికీ పోలేదు. మొన్నటిదాకా.

ఆమెను ఆపుతున్నది ఆ వాక్యం కాదు, దాని తర్వాతది.

“సరే, ఏదో ఒకటి రాయి. ఆ కింద, మాకు షబ్రీన్ అనే అమ్మాయి మీద అనుమానం ఉండాది అని రాయి,” అన్నాడు మునీంద్ర.

భువనేశ్వరి పెన్ను కిందపెట్టింది. “ఆ పిల్ల ఏం చేసింది?”

“ఆ పొద్దు ఇంట్లోకి వచ్చింది అదొక్కటే. కొండకు పొయ్యేముందు, చీరలు లోపల పెట్టమని నాయన తాళంచెవి ఇచ్చినాడు. బీరువా తెరిచింది అదే.”

“ఇచ్చినాను,” అన్నాడు గంగులప్ప నెమ్మదిగా. “ఎప్పుడూ ఇచ్చేదే. ఆ బిడ్డ తీసుంటాదని నాకు అనిపించడం లేదు రా.”

“అనిపించకపోతే డాలర్ నడిచిపోయిందా నాయనా?”

షబ్రీన్ ఆ వీధిలో పట్టుచీరలకు కుచ్చులు కట్టే పిల్ల. తండ్రి సుభాన్ బాషా మంచం పట్టాక ఆ ఇల్లు గడిచేది ఆమె వేళ్ల మీదే. ఏ ఇంట్లోనైనా నేరుగా పడకగదిలోకి పోయి, మంచం మీద చీర పరుచుకుని, కొంగు ఒళ్లో వేసుకుని కూర్చునే చనువు ఆమెకుంది. ఆమె పనికి పెట్టుబడి ఆ చనువే. పోలీసుల కాగితంలో ఒకసారి పేరెక్కితే, రేపు ఏమీ దొరకలేదని వదిలేసినా, నగరిలో ఏ గుమ్మమూ ఆమెను లోపలికి రానివ్వదు. ఈ సంగతి మునీంద్రకు తెలియదని కాదు. చెల్లెలి పెళ్లి ముందు అతనికి మరేదీ కనపడటం లేదు.

“నేను రాయను,” అంది భువనేశ్వరి.

“నీ స్నేహితురాలనా?”

ఆమె నీళ్లు తాగొస్తానని లేచి వంటింట్లోకి నడిచింది.

కుప్పమ్మ పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మెడ బోసిగా ఉంది. చెవి రంధ్రాలు పూడిపోకుండా వేపపుల్లలు పెట్టుకుంది. ముక్కుపుడక లేని ఆ ముఖం భువనేశ్వరికి ఇంకా అలవాటు కాలేదు. అదంతా తనకోసమే. మూడు పూటలా అన్నం పెడుతూ, మధ్యలో కసురుతూ, ఆ మాట మాత్రం ఒక్కసారి కూడా ఎత్తి చూపలేదు ఈ మనిషి. ఎత్తి చూపి ఉంటే ఈరోజు ఎంత తేలికయ్యేదో అనుకుంది భువనేశ్వరి.

“అత్తా, షబ్రీన్ పేరు రాయమంటాండాడు.”

“వినపడింది.”

“నువ్వు చెప్పు.”

కుప్పమ్మ కాయలు ఒలవడం ఆపలేదు. “పెండ్లి అయిపోనీ. నేనే చెప్తా.”

“అంతలోపల ఆ పిల్ల గతేంగాను?”

“ఏముండాది దాని దగ్గర? ఏమీ దొరకదు. పంపించేస్తారు.” ఆమె గొంతులో తడబాటు ఆమెకే నచ్చినట్టు లేదు, ఒక కాయను అనవసరంగా గట్టిగా చీల్చింది. “ఇంకో డాలర్ చేపిస్తాం. పెరుమాళ్లూ అమ్మవారూ ఉండేట్టు, దానికంటే బరువుగా. ఎవుడో తెల్లదొర తలకాయ కంటే అది నయం కాదా పిల్లకు?”

“వాళ్లది ఇంకోటి చేపించేది కాదత్తా.”

“నాకు తెలీదా?”

కుప్పమ్మ ఆ మాట చాలా మెల్లిగా అంది. పొయ్యి మీద పప్పు పొంగి మంట మీద పడింది. ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాచారు. కుప్పమ్మే ముందు దించింది.

అంతలో బయట షబ్రీన్ గొంతు వినపడింది. కబురు పెట్టింది మునీంద్రే. కుచ్చులకు పిలిచారనుకుని ఆ పిల్ల దారపు ఉండల సంచీ భుజాన వేసుకుని, ఎండలో వచ్చిన ముఖం కొంగుతో తుడుచుకుంటూ, నవ్వుతూ లోపలికి వచ్చింది. మగ్గాలు ఆగాయేమని అడిగింది. ఎవరూ చెప్పలేదు. ఆమె నవ్వు కాసేపు అలాగే ఉండి, తర్వాత ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు పోయింది.

మునీంద్ర గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే బాగుండేది. ఆ శనివారం ఎప్పుడొచ్చావు, ఎంతసేపున్నావు, బీరువాలో ఏ అర తెరిచావు అని స్టేషన్‌లో అడిగినట్టే అడిగాడు. షబ్రీన్ మొదట తేలిగ్గా చెప్పింది. తర్వాత ఆగి ఆగి చెప్పింది. చివరికి చెప్పడం మానేసి సంచీ బోర్లించింది. రంగురంగుల పట్టుదారాలు, ఒక కత్తెర, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు నేల మీద పడ్డాయి.

“సూసుకోండన్నా. ఇంటికొచ్చి కూడా సూసుకోండి. మా నాయన మంచం మీదుంటాడు, ఆయన్ను లేపకుండా సూసుకోండి.”

గంగులప్ప తల దించుకున్నాడు. చంద్రిక గుమ్మం దగ్గర్నుంచి కదల్లేదు.

షబ్రీన్ అప్పుడు భువనేశ్వరి వైపు తిరిగింది. “అక్కా, నువ్వూ అట్లే అనుకుంటాండావా?”

ఇదే, భువనేశ్వరి పొద్దుటినుంచి భయపడుతున్న ప్రశ్న. వంటింటి గుమ్మంలో కుప్పమ్మ వచ్చి నిలబడటం ఆమెకు తల తిప్పకుండానే తెలిసింది. ఒట్టు వేయించుకున్నప్పుడు మణికట్టు మీద పడిన ఆ చెయ్యి బరువు ఇంకా అక్కడే ఉన్నట్టుంది. ఆసుపత్రిలో తన నోట్లో చెంచాతో బార్లీనీళ్లు పోసింది కూడా ఆ చెయ్యే. ఆ చేతిని నలుగురిలో పట్టివ్వడమంటే మాటలు కాదు. పట్టివ్వకపోతే ఎదురుగా ఈ పిల్ల దారాల మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఉంది.

“లేదు షబ్రీన్,” అంది. “డాలర్ నువ్వు తీయలేదు. ఎవురూ తీయలేదు. అది కొండమీద హుండీలో పడింది. నేను సూసినాను.”

మునీంద్రకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక భార్యను చూశాడు, తర్వాత తల్లిని చూశాడు. గంగులప్ప మాత్రం కుప్పమ్మనే చూస్తూ, పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ వాడని మెత్తని గొంతుతో అడిగాడు.

“అవునా కుప్పా?”

కోడలు అబద్ధమాడుతోందని ఒక్క మాటంటే చాలు, నమ్మడానికి మునీంద్ర సిద్ధంగానే ఉన్నాడు. ఆ మాటకోసమే అతను ఎదురుచూస్తున్నట్టు కూడా ఉంది. కుప్పమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది.

“అవును. నేనే ఏసినాను.”

“తెలీక ఏసినావా అమ్మా?” అన్నాడు మునీంద్ర, తల్లికి దారి చూపిస్తున్నట్టు. “జనంలో తొందరపాటున…”

“తెలిసే ఏసినాను.”

“ఒంటి మీద ఉండేదంతా అని మొక్కినా,” అంది కుప్పమ్మ. “అన్నీ తీసినాక అదొక్కటి తగిలింది చేతికి. ఇది నాది కాదు సామీ, పిల్లది, పాకాలోళ్లది అని చెప్పుకుందామనుకున్నా. నోరు రాలేదు. ఒకటి దాచుకుంటే ఆ సామి కూడా ఒకటి దాచుకుంటాడేమో అనిపించింది. ఎనక్కి తిరిగి సూస్తే ఇది నిలబడుండాది.” భువనేశ్వరిని చూపించింది. “జ్వరం వచ్చినప్పుడు ఎట్లుండిందో అట్లే కనపడింది నా కంటికి. ఇంకేం ఆలోచన చేసేది? ఏసేసినా.”

భువనేశ్వరికి కళ్లు నిండిపోయాయి. తను నిజం చెప్పడం న్యాయమేనని ఆమెకు తెలుసు. అయినా ఆ క్షణాన తన నాలుకను తనే కోసుకోవాలనిపించింది.

“కానీ ఈ బిడ్డ మీదికి పోతాదని తెలిసీ మాట్లాడకుండా ఉన్నా చూడు,” అంది కుప్పమ్మ, షబ్రీన్ వైపు చూడలేక నేలను చూస్తూ. “అదే నా తప్పు.”

షబ్రీన్ దారాలు ఒక్కొక్కటే ఏరుకుని సంచీలో వేసుకుంది. సాయం చేయడానికి భువనేశ్వరి వంగితే, వద్దక్కా అంది. లేచి, ఈ ఇంటి చీరలు ఇంకా రెండు తన దగ్గర ఉన్నాయనీ, అవి ఎవరినైనా పంపి తెప్పించుకోమనీ గంగులప్పతో చెప్పింది. ఆమె గడప దాటుతుంటే మునీంద్ర పక్కకు జరిగి దారిచ్చాడు.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి చంద్రిక ముందుకొచ్చింది. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు.

“అమ్మా,” అంది. “వదిన ప్రాణం కోసం మొక్కుకున్నావు. సరే. నా పెండ్లి తీసి హుండీలో ఏసేముందు నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా?”

చంద్రిక తల్లిని చూడటం మాని వదిన వైపు తిరిగింది. ఇన్నాళ్లూ ఒకే మంచం మీద పడుకుని కబుర్లు చెప్పుకున్న వదినను, కొండ నుంచి దిగినప్పటినుంచీ అన్నీ తెలిసి ఊరుకున్న వదినను, కొత్త మనిషిని చూసినట్టు చూసింది. భువనేశ్వరి చెయ్యి చాచింది. చంద్రిక ఆ చేతికి అందకుండా పక్కకు తప్పుకుంది.

వీధిలో ఆటో ఆగింది. పాకాల ఆమె గొంతు, ఏం వదినా, మగ్గాలు పని చెయ్యడం లేదా అని పలకరించుకుంటూ లోపలికి వస్తోంది.

గంగులప్ప కండువా వెతుక్కున్నాడు. మునీంద్ర కాగితాన్ని ఉండ చుట్టి జేబులో కుక్కుకుని, ఇప్పుడేమీ చెప్పొద్దని, తను చూసుకుంటానని చెల్లెలికి సైగ చేశాడు. కుప్పమ్మ గోడకు చేరగిలబడింది.

“ఆమెకు ఎవురూ ఏమీ చెప్పొద్దు,” అంది చంద్రిక. “నా పెండ్లి పేరు చెప్పి అందరూ అన్నీ చేసినారు, నన్నెవురూ అడగలేదు. నేనే చెప్తా.”

పైట మెడ మీదికి లాక్కోలేదు. బోసిమెడతో అలాగే వరండాలోకి నడిచింది.

“అత్తా,” అన్న చంద్రిక గొంతు లోపలున్న నలుగురికీ స్పష్టంగా వినపడింది. “నాకీ పెండ్లి వద్దు.”